పట్టూ విడుపూ

బడి వదిలే వేళకు జిమ్నాస్టిక్స్ హాలు వసారాలో నానమ్మల కొలువు మొదలవుతుంది. ఎవరి మనవడికి జ్వరం, ఎవరి కోడలికి నోరెక్కువ, ఎవరింటి పెళ్లిలో పలావు అడుగంటింది, ఈ వార్తలన్నీ కోకంద్ ఊరు మొత్తమ్మీద ముందు అక్కడికే చేరతాయి. బెంచీల మీద ఫ్లాస్కులు, గుడ్డలో చుట్టిన రొట్టెలు, చేతులు మారుతూ తిరిగే ఎండు ఆప్రికాట్లు. లోపల పిల్లలు గాల్లో తలకిందులవుతుంటే బయట పెద్దవాళ్లు తీరిగ్గా టీ తాగుతుంటారు. చూడముచ్చటైన చోటు. ఇలాంటి చోట ఒక చెడు దర్జాగా కాలుమీద కాలేసుకుని కూర్చుందంటే మీరు నమ్ముతారా? కూర్చుంది. దాన్ని అందరూ మంచి అనుకుని మర్యాద చేస్తున్నారు కూడా.

సనోబర్ చెడ్డ శిక్షకురాలు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. పిల్లల మీద చేయి చేసుకునేది కాదు. జేబులో ఎప్పుడూ పటికబెల్లం ముక్కలుండేవి. జడ ఊడిపోతే అల్లేది, ముక్కు కారితే తుడిచేది. చలికాలంలో తమ పిల్లలు స్వెట్టర్లు మరిచిపోయి వెళ్లారని తల్లులకు గుర్తొచ్చేలోపు వాళ్లకు తన శాలువా కప్పేది. కానీ ఆమె నాలుక చివర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "ఓర్చుకో."

కాళ్లు రెండు పక్కలకీ చాపి నేలకు ఆనిస్తుంటే, ఓర్చుకో. పట్టుకుని వేలాడే అడ్డకమ్మీ, అదే బార్, రాపిడికి అరచేతిలో బొబ్బ లేస్తే, ఓర్చుకో. ఈ మాట సనోబర్ కనిపెట్టింది కాదు. ఆమెకు ఆట నేర్పిన వాళ్లు ఆమెకు చెప్పారు. పురిటినొప్పులప్పుడు తల్లి చెప్పింది, కొత్తకోడలిగా గడప దాటినప్పుడు అత్త చెప్పింది. మా ఊళ్లలో ఆడపిల్లకు పాలతోపాటు పట్టే మాట అది.

ఆ హాల్లో ఈ మాటను అందరికన్నా బాగా వంటబట్టించుకున్న పిల్ల హుల్కర్. బక్కపలచటి పిల్ల, పెద్ద కళ్లు, చిన్న మాట. అరచేయి చీరుకుపోయినా కిక్కురుమనదు. సుద్దపొడి డబ్బాలో చేతులు ముంచుకుని మళ్లీ బార్ కింద నిలబడుతుంది. అందుకే సనోబర్ ఆమెకు 'పులిబిడ్డ' అని పేరు పెట్టింది. హుల్కర్ నానమ్మ ఖోసియత్ ఆ పేరును కోకంద్‌లో సగం ఊరికి పంచిపెట్టింది.

ఈ పిల్లకు సరిగ్గా వ్యతిరేకం లోబార్. బొద్దుగా, గులాబీ బుగ్గలతో ఉండే ఆ పిల్లకు ఏడుపు పక్కింటి చుట్టంలా ఎప్పుడంటే అప్పుడు వచ్చేది. కాలికి చెక్కపేడు గుచ్చుకుంటే ఏడుపు. చెమట కంట్లో పడితే ఏడుపు. పక్కపిల్ల పడితే ఆ పిల్ల బదులు తనే ఏడుపు.

ఆ రోజుల్లో పిల్లలు కిప్ నేర్చుకుంటున్నారు. బార్ పట్టుకుని ముందుకు ఊగి, కాళ్లు పైకెత్తి, పాదాలను బార్ దగ్గరకు తెచ్చి, ఒక్క ఊపులో బార్ మీదికి చేతులు నిటారుగా వచ్చేలా లేవాలి. బార్ల మీద ఇది మొదటి మెట్టు. ఇది రాకపోతే తర్వాత ఏదీ రాదు. వసంతంలో ఫెర్గానా పట్టణంలో జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచుకుంటారు. కిప్ లేని పిల్ల ముఖం అక్కడ ఎవరూ చూడరు.

"పైజామా తొడుక్కోవే తల్లీ!" సనోబర్ చేతులు చరుస్తూ అరిచేది. "పొద్దున్నే ఎలా తొడుక్కుంటావ్? ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, ఆ తర్వాత నడుం! బార్‌ని కాళ్ల మీదుగా పైకి లాక్కో!"

"నా పైజామా మోకాళ్ల దగ్గరే ఆగిపోతోందక్కా!" అని లోబార్ బార్‌కి వేలాడుతూ ఏడుపు గొంతుతో అనేసరికి పిల్లలంతా నవ్వి నవ్వి పరుపుల మీద దొర్లారు.

హుల్కర్ నవ్వలేదు. ఆమె వంతు రాగానే ఊగింది, కాళ్లెత్తింది, బార్ తొడల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. రోజూ అక్కడే ఆగేది. బలం చాలక కాదు. కిప్‌లో చివరి క్షణాన పిడికిలి కాస్త సడలాలి, మణికట్టు బార్ మీదికి తిరగాలి. హుల్కర్ పిడికిలి సడలేది కాదు. బార్‌ని పట్టుకుందంటే జేబుదొంగని పట్టుకున్న పోలీసువాడి పట్టే. ఆ సంగతి సనోబర్‌కి తెలియనిది కాదు, చిన్నప్పుడు తన చేతులతో తెలుసుకున్నదే. అయినా నోటికి మాత్రం అలవాటైన కేకే వచ్చేది: "గట్టిగా పట్టుకో! వదలకు! ఓర్చుకో!"

పిల్ల వదల్లేదు. ఎడమ అరచేతిలో బొబ్బ చిట్లి ఆ చేయి జారింది. కుడి చేయి మాత్రం బార్‌ని పట్టుకునే ఉంది. ఒళ్లంతా ఆ ఒక్క మణికట్టు చుట్టూ గిర్రున మెలితిరిగి, ఆ తర్వాత పరుపు మీద పడింది.

సనోబర్ పరుగున వచ్చింది. "దెబ్బ తగిలిందా?"

"లేదక్కా," అంది హుల్కర్. ముఖం సున్నంలా తెల్లబడింది. సుద్దపొడి అంటుకుందనుకున్నారు.

"శభాష్! చూశావా లోబార్? ఒక చేయి జారినా రెండోది వదల్లేదు. నేర్చుకో!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. గుమ్మంలోంచి తొంగి చూస్తున్న ఖోసియత్ నానమ్మ తలగుడ్డ సర్దుకుని, గడ్డం పైకెత్తి వసారా వైపు తిరిగింది. "మా వంశంలో ఆడవాళ్లంతా ఇంతే," అంది. చూశారా, ఆ చెడు ఎంత అందంగా చప్పట్లు కొట్టించుకుందో!

ఆ తర్వాత కొన్ని రోజులు హుల్కర్ వంతు వచ్చినప్పుడల్లా జడ రిబ్బను కట్టుకుంటూ కూర్చునేది. బార్ పట్టుకుని వేలాడితే ఇట్టే దిగిపోయేది. ఆమెకు ఇటీవలే ఒక తమ్ముడు పుట్టాడు. సనోబర్ సరదాగానే అంది, "ఏమమ్మా, ఇంట్లో మహారాజు పుట్టేసరికి రాణిగారికి బద్ధకం వచ్చిందా?" హుల్కర్ లేచి మళ్లీ బార్ అందుకుంది. పెదవి లోపలి వైపు పళ్లతో కొరుక్కుంటోందని ఎవరూ చూడలేదు. చూడటానికి ఎవరికి తీరిక? పులిబిడ్డ కదా.

తమ్ముణ్ణి ఊయలలో వేసే వేడుకకు ఖోసియత్ నానమ్మ సనోబర్‌ని కూడా పిలిచింది. ఇంటినిండా ఆడవాళ్లు. మెత్తటి పరుపుల మీద చుట్టూ కూర్చుని ఊయల మీద మిఠాయిలు చల్లుతున్నారు, పాటలు పాడుతున్నారు, కోడలి వంటకు చిన్నచిన్న వంకలు పెడుతున్నారు. పెద్ద మనవరాలు హుల్కర్ పట్టు గౌను వేసుకుని టీ అందిస్తోంది. గౌను చేతులు వేళ్ల దాకా పొడుగ్గా ఉన్నాయి.

"ముందు ఉస్తోజ్ గారికి ఇవ్వమ్మా," అంది నానమ్మ. ఉస్తోజ్ అంటే గురువు. ఆ పిలుపుకు సనోబర్ సిగ్గుపడి చేయి గుండెల మీద పెట్టుకుంది. హుల్కర్ గిన్నెలో, మర్యాద ప్రకారం సగం దాకానే, టీ వంచి, వంగి, అందించింది.

ఎడమ చేత్తో అందించింది!

పాట ఆగిపోయింది. మా దగ్గర శత్రువుకైనా ఎడమ చేత్తో టీ ఇవ్వరు. గురువుకు, నిండు సభలో, పండగ పూట! మూల కూర్చున్న ఒక చుట్టం ముక్కున వేలేసుకుంది. "తలకిందులుగా వేలాడీ వేలాడీ పిల్లకి కుడి ఎడమలు కూడా మారిపోయినట్టున్నాయి వదినా," అంది తియ్యగా.

ఖోసియత్ నానమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "బుద్ధుందా నీకు? నలుగుర్లో నా పరువు తీస్తావా? కుడి చేత్తో ఇవ్వు!"

హుల్కర్ నానమ్మ ముఖంలోకి చూసింది, సనోబర్ ముఖంలోకి చూసింది. గిన్నెను కుడి చేతిలోకి మార్చుకుంది. ఆ చిన్ని గిన్నె ఎంత బరువని! వేళ్లు వణికాయి. గిన్నె జారి ముక్కలైంది, టీ పట్టు గౌను మీద పడింది, పొడుగు చేయి పైకి జరిగింది. మణికట్టు వంకాయలా ఉబ్బి నీలం తిరిగి ఉంది.

"ఏం కాలేదు," అంది హుల్కర్ వెంటనే. "ఏం కాలేదు నానమ్మా. నేను ఓర్చుకుంటాను."

 సనోబర్‌కు తన మాటే, తన గొంతులోని ఆ గట్టిదనంతోనే, అంత చిన్న నోటి నుంచి వినపడింది. పగిలిన పెంకుల మధ్యనే మోకాళ్ల మీద కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నా తల్లీ, ఎప్పట్నించే ఇది? ఆ రోజు పడినప్పటినుంచా? నేను నిన్ను బద్ధకమని..." 

ఆసుపత్రిలో వైద్యుడు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఎముక పెరిగే చోటే చిట్లిందని చెప్పాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే వేలాడి ఉంటే ఈ చేయి రెండో చేయిలా పెరిగేది కాదన్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి పిల్ల వైపు తిరిగాడు. "ఇంత నొప్పి పెట్టుకుని ఎవరికీ చెప్పలేదా బంగారం?"

 "చెబితే ఇంక నన్ను పులి అనరు కదా," అంది హుల్కర్.

 వైద్యుడు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని కట్టు సామాను తెప్పించాడు.

పిల్లకు కట్టు వేస్తున్నంతసేపూ సనోబర్, ఖోసియత్ నానమ్మ బయట మెట్ల మీద కూర్చున్నారు. "తప్పు నాది పిన్నిగారూ," అంది సనోబర్. "ఓర్చుకో, వదలకు అని రోజూ నూరిపోశాను. పిల్ల నిజమనుకుంది."

"నీ తప్పేముందమ్మా?" నానమ్మ విసుక్కుంది. ఆమెకు దుఃఖం వస్తే ముందు విసుగు రూపంలో వస్తుంది. "నువ్వు చెప్పకపోతే నేను చెప్పేదాన్ని. చెప్పాను కూడా. ఆడపుట్టుక పుట్టాక ఓర్పు లేకపోతే ఎలా బతుకుతుంది? రేపు అత్తగారుంటుంది, మొగుడుంటాడు, కానుపులుంటాయి. ఇదిగో చూడు!" కుడి చేయి చాపింది. చిటికెనవేలు కొక్కెంలా వంకరగా ఉంది. "పత్తి ఏరడానికి బడిపిల్లలందర్నీ పొలాలకు తోలే రోజుల్లో బండి తలుపులో పడి విరిగింది. ఓర్చుకోమన్నారు. ఓర్చుకున్నాను. మిగతా వేళ్లతో పత్తి ఏరాను. చచ్చానా?"

సనోబర్ ఆ వేలును తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆ రోజు ఎవరైనా ఒక్కరు, నొప్పిగా ఉందా అని అడిగారా పిన్నీ?"

 ముసలామె రోడ్డు మీద పోయే బళ్ల వైపు తిరిగింది. తర్వాత తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుని, "దుమ్ము పాడుగాను," అంది.

మర్నాటి నుంచి హాల్లో పాఠం మారింది. సనోబర్ బార్ కింద పరుపుల మీద పరుపులు వేయించింది. పిల్లల్ని వరసలో నిలబెట్టి, "ఇవాళ పట్టుకోవడం లేదు. వదలడం నేర్చుకుంటాం," అంది.

పిల్లలు నోరెళ్లబెట్టారు. వదలడం కూడా ఒక విద్యేనా? విద్యే. ఎప్పుడు వదలాలి, రెండు చేతులూ ఒక్కసారే ఎలా విడవాలి, మోకాళ్లు ముడిచి ఎలా పడాలి, పడి ఎలా దొర్లాలి. "విడుస్తున్నా!" అని గట్టిగా అరిచి దూకాలి. ఆ వారమంతా హాలు హోరెత్తిపోయింది. వసారాలో నానమ్మలు ఫ్లాస్కులు చేత్తో పట్టుకుని తొంగి చూశారు. "పడటం నేర్పడానికి కూడా మనిషి కావాలా? మా మనవడు ఊరికే నేర్చుకున్నాడు," అని ఒకావిడ పెదవి విరిచింది.

రెండో పాఠం ఇంకా విచిత్రం. ఆట మొదలుపెట్టేముందు అందరూ గుండ్రంగా కూర్చుని, ఇవాళ ఎక్కడ నొప్పిగా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి. ఎవరికీ నోరు పెగల్లేదు. అప్పుడు సనోబర్ అంది, "దీనికి మనకో గురువు కావాలి. లోబార్, నువ్వు రా."

లోబార్ నమ్మలేక వెనక్కి తిరిగి చూసింది, ఇంకో లోబార్ ఎవరైనా ఉందేమోనని. తర్వాత బుగ్గలు మెరిసిపోతుండగా లేచి నిలబడి మొదలుపెట్టింది. "నాకు ఎడమ మోకాలు నొప్పి. చంక కింద రాసుకుపోయింది. పొద్దున పన్ను కదిలింది. నిన్న మా అన్న నన్ను గుమ్మడికాయ అన్నాడు, అది ఇక్కడ నొప్పి," అని గుండె మీద చేయి పెట్టింది.

"అది కూడా లెక్కలోకొస్తుందా అక్కా?" అంది ఇంకో పిల్ల.

"ముందు లెక్కలోకొచ్చేది అదే," అంది సనోబర్.

ఆ తర్వాత ఒక్కొక్క నోరూ తెరుచుకుంది. సగం నొప్పులు అప్పటికప్పుడు పుట్టినవే అనుకోండి. పక్కపిల్లకు ఉండి తనకు లేకపోతే చిన్నతనం కదా. సనోబర్ అన్నిటినీ ఓపిగ్గా వింది. నిజం నొప్పికీ దొంగ నొప్పికీ తేడా పట్టడం పెద్ద కష్టం కాలేదు. వినే మనిషి ఉన్నారని నమ్మకం కుదిరాక దొంగ నొప్పులు వాటంతటవే తగ్గిపోయాయి.

కట్టు విప్పించుకుని హుల్కర్ హాలుకు తిరిగొచ్చింది. మొదట నేల మీద ఆటలు, ఆ తర్వాత 'విడుస్తున్నా' అని అరిచి దూకడం, చివరికి మెల్లగా బార్. సనోబర్ ఆమె చేతులను తన చేతులతో బార్ మీద పెట్టింది.

"ఇన్నాళ్లూ నీకు తప్పు చెప్పానే తల్లీ. తందూరు పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెని ఎలా పట్టుకుంటావ్? బిగించి పట్టుకుంటావా?"

"లేదు. కాలుతుంది. వేళ్లు మార్చుకుంటూ పట్టుకుంటాను."

"కింద పడేస్తావా మరి?"

"రొట్టె కింద పడేస్తే నానమ్మ చంపేస్తుంది!"

"అదే. బార్‌ని అలా పట్టుకో. తొడల దాకా వచ్చాక వేళ్లు కాస్త వదులు చెయ్యి. చేయి పైకి జరుగుతుంది. వదలడం కాదు, సడలించడం."

హుల్కర్ ఊగింది. కాళ్లు లేచాయి, పాదాలు బార్ దగ్గరకొచ్చాయి, పైజామా మోకాళ్లు దాటింది, తొడలు దాటింది. పిడికిలి సడలింది, మణికట్టు తిరిగింది. మరుక్షణం ఆ పిల్ల బార్ మీద నిటారుగా చేతులు చాపి, హాలంతటినీ పైనుంచి చూస్తూ ఉంది! ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "అక్కా, నేను పైకొచ్చాను!" అని అరిచింది. లోబార్ ఆనందం పట్టలేక భోరుమంది.

సనోబర్ సంతోషం సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఆమె మనసులో ఒక ముల్లు మిగిలే ఉంది. రోజూ గుండ్రంగా కూర్చున్నప్పుడు హుల్కర్ వంతు రాగానే అదే జవాబు. "నాకేం లేదక్కా." అరచేతిలో పచ్చిపుండు కనిపిస్తున్నా అదే జవాబు. కిప్ వచ్చింది, మాట రాలేదు. 'ఇది ఒకసారి దాచింది. మళ్లీ దాస్తే ఈసారి నాకు తెలిసేసరికి ఆలస్యమైపోతే?' అని సనోబర్ భయం. ఎంపిక రోజు దగ్గరపడేకొద్దీ ఆ భయం పెరిగింది. వైద్యుడు సరేనన్నాడు గానీ, మణికట్టులో పోటు అనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఆపేయాలని గట్టిగా హెచ్చరించాడు. పోటు వచ్చిందో లేదో చెప్పాల్సింది ఆ పిల్లే.

ఫెర్గానాలో ఎంపికకు ఖోసియత్ నానమ్మ ఒక వ్యానునిండా ఇరుగుపొరుగును వెంటబెట్టుకొచ్చింది. రొట్టెలు, ఉప్పటి పెరుగు ఉండలు, పుచ్చకాయ గింజలు. ఊయల వేడుకలో మాట విసిరిన ఆ చుట్టం కూడా వచ్చింది. రాకుండా ఉంటుందా మరి?

లోబార్ వంతు ముందొచ్చింది. తన పద్ధతి ప్రకారం కళ్లు తుడుచుకుంటూ బార్ ఎక్కి, తప్పులేకుండా చేసి, కళ్లు తుడుచుకుంటూ దిగింది. తర్వాత హుల్కర్.

మొదటి కిప్ ఎంత బాగా వచ్చిందంటే న్యాయనిర్ణేతల్లో ఒకాయన ముందుకు వంగి పక్కాయనకేదో చెప్పాడు. పై వరసలో నానమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. పిల్ల బార్ మీది నుంచి వెనక్కి ఊగి మళ్లీ కిందికొచ్చింది, రెండో కిప్ కోసం ముందుకు సాగింది. సనోబర్ బార్ పక్కనే నిలబడి ఉంది. ఆమెకు పిల్ల పెదవి కనిపించింది. లోపలి వైపు పళ్లతో కొరుక్కుంటోంది.

పోటు వచ్చింది! ఇంకొక్క కిప్. అది అయిపోతే జిల్లా జట్టు. సనోబర్ నోటిదాకా ఒక మాట వచ్చింది. ఎన్నో ఏళ్లుగా అలవాటైన మాట, తల్లిదీ తల్లి తల్లిదీ అయిన మాట. ఆమె దాన్ని పళ్ల బిగువున ఆపేసింది. పెదవులు కదిపి పిల్లకు మాత్రమే వినపడేలా ఒక్కటే అడిగింది. "నొప్పా?"

ఊగుతూనే హుల్కర్ ఆమె కళ్లలోకి చూసింది.

"విడుస్తున్నా!"

ఆ కేక హాలంతా మారుమోగింది. రెండు చేతులూ ఒక్కసారే విడిచి, మోకాళ్లు ముడిచి, పరుపు మీద శుభ్రంగా దూకింది. లేచి నిలబడి, కుడి చేయి ముందుకు చాపి, అందరికీ వినపడేంత గట్టిగా అంది, "అక్కా, నాకు నొప్పిగా ఉంది."

 పక్కనున్న వేరే ఊరి శిక్షకుడు నవ్వాడు. "మా పిల్లలు రక్తం కారినా దిగరు. మీరేం నేర్పారమ్మా?"

"దిగడమే నేర్పాను," అంది సనోబర్. మళ్లీ ప్రయత్నిస్తారా అని న్యాయనిర్ణేత అడిగితే, "లేదండీ, ఇవాళ్టికి చాలు," అంది. ఆ ఒక్క మాటతో జట్టులో చోటు పోయిందని ఆమెకు తెలుసు.

పై వరసలో గుసగుసలు బయలుదేరాయి. చుట్టం నిట్టూర్చింది. "అయ్యో వదినా, ఇంకొక్క క్షణం ఓర్చుకుంటే పోయేది కదా! పులి పులి అన్నావు, పిల్లి అయ్యిందేమిటి?"

ఖోసియత్ నానమ్మ లేచింది. ఒళ్లో గింజలన్నీ జలజలా రాలాయి. సనోబర్ ఆమె వైపే చూసింది. ముసలామె ఇప్పుడేమంటుందో, ఆ ఒక్కమాటతో పిల్ల నోరు మళ్లీ ఎప్పటికీ మూసుకుపోతుందేమో!

"నోరు మూసుకో!" నానమ్మ గొంతు హాలు నాలుగు గోడలకూ తగిలింది. "మా పిల్ల చెప్పింది, విన్నారా మీరంతా? నొప్పిగా ఉందని నోరు తెరిచి చెప్పింది! నా జన్మకి నేను చెప్పలేకపోయిన మాట! ఇంతమందిలో చెప్పింది!"

వరసల మధ్య నుంచి జనాల మోకాళ్లు తొక్కుకుంటూ కిందికి దిగింది. అడ్డొచ్చిన కాపలాదారుణ్ణి పక్కకు నెట్టింది. పరుపు మీద చతికిలబడి, మనవరాలి చేతిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తన ఒళ్లోకి తీసుకుని అడిగింది.

"ఎక్కడమ్మా నొప్పి? నానమ్మకి చూపించు."

హుల్కర్ మణికట్టు మీద వేలు పెట్టి చూపించింది. తర్వాత, ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ చూడని పని చేసింది. నానమ్మ మెడ కౌగలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్నో నెలలుగా దాచిపెట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. సనోబర్ పక్కనే కూర్చుని ఆ చిన్ని వీపు నిమురుతూ, తనకు కారుతున్న కన్నీళ్లు కూడా తుడుచుకోలేదు.

మణికట్టుకు పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. సమయానికి దిగింది కాబట్టి కాస్త విశ్రాంతితో సరిపోయిందని వైద్యుడు చెప్పాడు. ఆ ఏడాది జట్టులోకి లోబార్ ఎంపికైంది. ఆ కబురు విని ఏం చేసి ఉంటుందో మీరే ఊహించుకోండి. హుల్కర్ తర్వాతి వసంతం కోసం రోజూ హాలుకు వస్తూనే ఉంది. వసారాలో ఎవరైనా కొత్తగా పిల్లను చేర్చడానికి వచ్చి, "మాది గట్టి పిల్లండీ, ఎంతైనా ఓర్చుకుంటుంది," అని గొప్పలు పోతే, ఖోసియత్ నానమ్మ వాళ్లకు టీ పోసి, పక్కన కూర్చోబెట్టుకుని చెబుతుంది.

"ఓర్పు సంగతి అలా ఉంచమ్మా. అది నేర్పడానికి లోకం చాలు, మన సాయం అక్కర్లేదు. నీ పిల్లకి నొప్పిని నొప్పి అని చెప్పడం నేర్పు. అది చెప్పిన రోజు, చేతిలో ఏ పనున్నా వదిలేసి, ఎక్కడమ్మా అని అడగడం నువ్వు నేర్చుకో."